రెండు ట్యూబుల నెత్తురు

బువాసాయ్ చేపల బుట్ట దించిందంటే ఫయావ్ పట్నం బజారులో మిగతా గొంతులన్నీ తగ్గేవి. "కళ్లు చూడవయ్యా, కళ్లు! పొద్దున్నే అద్దంలో నీ కళ్లన్నా ఇంత తేటగా ఉంటాయా?" అని బేరగాడి ముఖం మీదే అనేది. ఎండ ఎంత మండినా ఆమె బుట్టలో చేప మెత్తబడేది కాదు. అడుగున వరిపొట్టు, దాని మీద కొట్టిన ఐసు, ఐసు మీద అరిటాకు, ఆకు మీద చేప, మళ్లీ పైన ఐసు. పెళ్లైన ఏటి నుంచీ సరస్సుకి ఈ పడమటి ఒడ్డు నుంచి తూర్పున ఉన్న పట్నానికి పడవ తోసుకెళ్లి అమ్ముకొచ్చిన మనిషి ఆమె. బడి ముఖం చూసింది తక్కువ. ఒళ్లున్నదేదైనా చల్లగా ఉంటే నిలుస్తుంది, వేడి తగిలితే చెడుతుంది. ఆమె చదువంతా ఆ ఒక్క ముక్కే.

ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి ఆ గొంతు పడిపోయింది. ఒక్కగానొక్క కూతురు సెంగ్లా మంచం పట్టింది.

ఏ జబ్బో ఎవరూ అడగలేదు. అడిగే పని లేదు. ఆ రోజుల్లో పడమటి ఒడ్డున ప్రతి వాడలోనూ ముందు మొగుడు చిక్కిపోయేవాడు, తర్వాత పెళ్లాం. పోయిన ఇంటి నుంచి వచ్చి స్నానం చేసి తల తుడుచుకుంటూ ఉండగానే ఇంకో ఇంటి నుంచి కబురొచ్చేది. శవం దగ్గర పెట్టిన భోజనం జనం తినడం మానేశారు. వెళ్లి కూర్చుని, ఆకు చుట్టిన మియాంగ్ తేయాకు బుగ్గన పెట్టుకుని నములుతూ, మాట్లాడకుండా లేచి వచ్చేవాళ్లు.

సెంగ్లా మొగుడు తావోన్ లారీ తోలేవాడు. దక్షిణాన రేవుల దాకా వెళ్లేవాడు. మనిషి మంచి మాటకారి, నవ్వితే పక్కవాడికి కూడా నవ్వొచ్చేది. ఆ నవ్వు చూసే సెంగ్లా పడిపోయింది. ఏ రేవులో తగిలించుకున్నాడో, ఇంటికి తెచ్చాడు. సంగతి తెలిసిన రోజు బువాసాయ్ వాడి చాపా దుప్పటీ తీసి వాకిట్లో పారేసింది. వాడు నోరెత్తకుండా అవి ఏరుకుని, నీటి ఒడ్డున గుర్రపుడెక్క పేరుకున్న చోట వలలు దాచుకునే పాత పాకలోకి వెళ్లాడు. అప్పటి నుంచీ అత్తా అల్లుళ్ల మధ్య మాట లేదు. ఓపిక ఉన్నన్నాళ్లూ సెంగ్లా చాటుగా వాడికి అన్నం పట్టుకెళ్లేది. తల్లికి తెలుసు. తెలియనట్టు ఊరుకునేది.

ఇలా ఉండగా మందు వచ్చింది. రాక రాక వచ్చింది. చచ్చేవాళ్లని లేపి నిలబెడుతుందని చెప్పుకున్నారు. కానీ అందరికీ సరిపడా రాలేదు. పట్నం పెద్దాసుపత్రిలో డాక్టర్లు కూర్చుని ఏ ఒడ్డుకి ఎన్ని చోట్లో పంచారు. పడమటి ఒడ్డుకి ఒకే ఒక్క చోటు. అది ఎవరికివ్వాలన్నది మనిషి ముఖం చూసి కాదు, నెత్తురు చూసి తేలుస్తారు. మనిషి నెత్తుట్లో జబ్బులతో పోరాడే కణాలుంటాయి. ఈ జబ్బు వాటినే తింటుంది. చిన్న చుక్కలో అవి రెండొందలకన్నా తక్కువ మిగిలితేనే మందు. అందులోనూ ఎవరికి తక్కువుంటే వాళ్లది ముందు చోటు. లెక్క తేలని వాళ్ల పేరు అసలు ఎత్తరు.

కూతురికి తక్కువ అంకె రావాలని మొక్కుకున్న తల్లిని ఎక్కడన్నా చూశారా? బువాసాయ్ మొక్కుకుంది. పువ్వులూ అగరుబత్తులూ పెట్టి, "తల్లీ, చిన్న అంకె ఇప్పించు" అని సరస్సుకి దణ్ణం పెట్టుకుంది.

ఊళ్లో ఆరోగ్యకేంద్రం నర్సు ఫికున్ ఇంటికొచ్చి సెంగ్లా నెత్తురు తీసింది. వారానికోసారి పట్నం నుంచి వచ్చి ఇలాంటి నెత్తుర్లు పట్టుకెళ్లే బండి ఆ వారం రాలేదు. వరదకి ఉత్తరాన వంతెన కూలింది. డాక్టర్లు కూర్చునేది మర్నాడు మధ్యాహ్నం. ఇక పడవొక్కటే దారి, పడవంటే బువాసాయ్‌దే.

"పెద్దమ్మా, జాగ్రత్తగా విను," అంది ఫికున్, కాగితంలో చుట్టిన రెండు ట్యూబులు చేతిలో పెడుతూ. "ఎండ తగలనివ్వకు. ఎక్కువ కుదపకు. నీడలో పెట్టుకుని మామూలుగా పట్టుకెళ్లు."

"పుట్టినప్పటి నుంచీ సరుకు మోస్తున్నా, నాకు చెప్తావే? నువ్వు లంగా కట్టడం నేర్చుకోక ముందు నుంచీ ఈ సరస్సు దాటుతున్నా." అని, చేతిలోవి చూసి ఆగింది. "రెండెందుకు?"

ఫికున్ చూపు పక్కకి తిప్పింది. "ఒకటి సెంగ్లాది. ఒకటి... తావోన్‌ది."

"వాడిదా?"

"వాడూ మనిషే కదా పెద్దమ్మా. వాడికి మాత్రం ఎవరున్నారు?"

"లారీ ఉంది. వెళ్లి లారీని పట్టుకెళ్లమను."

"పెద్దమ్మా."

"సరేలే, సరే. సరస్సులో పారెయ్యను. చేపలు చచ్చిపోతాయి."

ఒడ్డుకి చేరేదాకా రెండూ ఒకే చేతిలో ఉన్నాయి. పడవలో కూర్చున్నాక కాగితాలు విప్పి చూసింది. ఊదారంగు మూతలు, పక్కన అంటించిన పేర్లు. అక్షరాలు కూడబలుక్కుని ఏది ఎవరిదో పోల్చుకుంది. కూతురి ట్యూబు అరచేతిలో పెట్టుకుంటే ఇంకా గోరువెచ్చగా ఉంది. ఈ ఎండలో, ఈ ఉక్కలో, పట్నం చేరేలోగా చెడిపోదూ? ఎంత పిచ్చిది ఈ నర్సు పిల్ల! చదువుకున్నారే గానీ సరుకు మొయ్యడం వీళ్లకేం తెలుసు?

బుట్టలో ఐసు ఉంది. బజారుకి చేపలు లేకపోయినా, అలవాటు చొప్పున కొట్టి నింపుకొచ్చిన మంచి ఐసు. అరిటాకులో చుట్టి, ఆకు మీద తడిగుడ్డ చుట్టి, ఐసు మధ్యలో గూడులా చేసి, కూతురి నెత్తుర్ని అందులో పడుకోబెట్టింది. పైన ఇంకో రెండు గుప్పిళ్ల ఐసు పోసి, మూత పెట్టి, దాని మీద తన పైగుడ్డ కప్పింది. పసిపిల్లని పడుకోబెట్టినా అంత జాగ్రత్త పడరు.

అల్లుడి ట్యూబు మిగిలింది. దాన్ని పడవ ముక్కు దగ్గర, నీళ్లు తోడే డబ్బా పక్కన, పాత తాటాకు టోపీ కింద పడేసింది. "చెడితే చెడు. నువ్వు చెడగొట్టిన దానికంటే ఎక్కువ చెడవులే," అని తెడ్డు అందుకుంది.

పెద్దాసుపత్రి ల్యాబులో విలైవన్ అనే అమ్మాయి ఉండేది. బొద్దుగా, జుట్టు పైకి ముడేసి, అందులో పెన్ను గుచ్చుకుని ఉండేది. ఆ ముడిలో పెన్ను పెట్టుకుని పెన్ను కోసం బల్లంతా వెతుక్కునేది. బువాసాయ్ బుట్టలోంచి ఆకు విప్పి ట్యూబు అందించగానే ఆ అమ్మాయి వేళ్లు ఉలిక్కిపడ్డాయి.

"ఇదేంటవ్వా, ఇంత చల్లగా ఉంది?"

"మరి!" అంది బువాసాయ్ గర్వంగా. "సరస్సంతా దాటినా నా కూతురి నెత్తురుకి ఒక్క రవ్వ వేడి తగల్లేదు. నా చేతి సరుకు చెడిందన్న మాట ఈ పట్నంలో ఎవడినన్నా అడుగు."

విలైవన్ ట్యూబుని వెలుగుకెత్తి చూసింది, మెల్లగా వంచి చూసింది. "ఐసులో పెట్టావా?"

"పెట్టకపోతే?"

"రెండోదీ?"

"అదా?" బువాసాయ్ మూతి ముడుచుకుంది. "అది అల్లుడిది, ఉత్తగానే తెచ్చాను. ఇంద."

ఆ అమ్మాయి రెండు ట్యూబులూ చెరో చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ నిలబడ్డంలో ఏదో ఉంది. బజారులో చెడిన చేపని చెడిందని చెప్పడానికి మొహమాటపడే కొత్త బేరగాడిలా ఉంది.

"కూర్చో అవ్వా. చూద్దాం."

గాజు అద్దం అవతల బువాసాయ్‌కి అన్నీ కనబడుతూనే ఉన్నాయి. విలైవన్ ఒక్కో ట్యూబులోంచి కాస్త నెత్తురు తీసి, దానికి రంగుమందు కలిపింది. ఆ రంగు అన్నిటికీ అంటదట, ఆ పోరాడే కణాలకే అంటుతుందట. చీకటి డబ్బాలో కాసేపు ఊరబెట్టింది. తర్వాత ఇంకో నీళ్లమందు పోస్తే ఎర్రకణాలన్నీ పగిలి కరిగిపోయాయి. మిగిలిన దాన్ని యంత్రం వెంట్రుకంత సందులోంచి లాగుతుంది. సాయంత్రం బాతుల్ని కంచె సందులోంచి ఒక్కొక్కటిగా లోపలికి తోలుతూ లెక్కపెట్టమూ, అలాగే. ఒకదాని వెనక ఒకటి వెలుగు ముందు నుంచి పోతుంటే, రంగు అంటినది మెరుస్తుంది. మెరిసిన ప్రతిసారీ తెర మీద ఒక చుక్క పడుతుంది.

ముందు తావోన్‌ది. తెర మీద చుక్కలు గుంపులు గుంపులుగా, ఏ గుంపుకా గుంపు విడివిడిగా కూడుకున్నాయి. కావలసిన గుంపు చాలా పల్చగా ఉంది. అయినా గుంపు గుంపే. "అరవై ఒకటి," అంది విలైవన్ తనలో తను.

తర్వాత సెంగ్లాది. తెర నిండా ఆవాలు ఒలకబోసినట్టు చుక్కలు. ఇటూ కాదు అటూ కాదు, ఏ గుంపూ లేదు. విలైవన్ మళ్లీ ఒకసారి పెట్టింది. మళ్లీ అంతే.

ఆమె బయటికొచ్చి బువాసాయ్ పక్కన బల్ల మీద కూర్చుంది. ఆసుపత్రిలో ఎవరూ అలా పక్కన కూర్చోరు. అప్పుడే బువాసాయ్‌కి భయం వేసింది.

"అవ్వా, మేం లెక్కపెట్టేది బతికున్న కణాల్ని. ఐసు తగిలితే కొన్ని చస్తాయి, కొన్ని ఒకదానికొకటి అంటుకుంటాయి. ఏది కణమో, ఏది విరిగిన ముక్కో యంత్రానికి తెలీదు."

"అంకె రాలేదా?"

"అంకె వస్తుంది. అడిగితే యంత్రం ఏదో ఒకటి చెప్తుంది. కానీ అది నీ కూతురి అంకె కాదు."

బువాసాయ్ నోట్లో మియాంగ్ అలాగే ఉండిపోయింది. చేప సంగతి ఆమెకి ఒకరు చెప్పాలా? చెరువుల్లో వదలడానికి పిల్లచేపలు కొనుక్కెళ్లే వాళ్లకి తనే ఎన్నిసార్లు అమ్మలేదు? వాటిని ఐసులో పెడతారా ఎవరన్నా? సంచిలో నీళ్లు పోసి, గాలి నింపి, నీడలో పట్టుకెళ్తారు. ఐసు చచ్చిన చేపకి. కూతురి నెత్తురు చేతిలో వెచ్చగా ఉంటే, అది బతికుందన్న ఆలోచనే తనకి రాలేదు.

"మరి వాడిది?" అంది చివరికి. "ఆ ఉత్త టోపీ కింద పడేసింది?"

"అది బాగుంది."

బువాసాయ్ నవ్వింది. ఆ నవ్వుకి విలైవన్ చెయ్యి చాచి ఆమె భుజం పట్టుకోవలసి వచ్చింది.

"అమ్మాయీ," అంది బువాసాయ్ గొంతు తగ్గించి. "ఆ ట్యూబు మీద పేరు కాగితమే కదా అంటించింది. అది ఇటు, ఇది అటు అంటించు. నెత్తురు ముఖం చూసి ఎవరు పోలుస్తారు?"

"అవ్వా..."

"నీకు పుణ్యముంటుంది. వాడే నా కూతురికి తగిలించాడు. దీని దగ్గర నుంచి ఇంత తీసుకున్నవాడు ఒక అంకె ఇవ్వకూడదూ?"

"నేనట్లా చేస్తే, రేపు ఇంకొకరు వచ్చి నీ కూతురి అంకె మార్చమంటారు. అప్పుడేం చెయ్యను చెప్పు?"

"నాకు ఇంకొకరి గొడవ వద్దు!"

బయట వరసలో కూర్చున్న వాళ్లు తలలు తిప్పారు. విలైవన్ కళ్లు తుడుచుకుంది. "కొత్త నెత్తురు పట్రా. రేపు మధ్యాహ్నం వాళ్లు కూర్చునే లోపల. నేను యంత్రం సిద్ధంగా పెట్టుకుని ఉంటాను. మామూలుగా పట్రా అవ్వా. ఐసొద్దు, ఎండొద్దు. గుండెకి హత్తుకుని కూడా తేవద్దు, ఒంటి వేడి తగుల్తుంది."

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. సెంగ్లా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ మధ్యాహ్నం నుంచీ విరోచనాలు ఆగలేదని కనిపెట్టుకుని ఉన్న పక్కింటావిడ చెప్పింది. పెదాలు పగిలి ఉన్నాయి. ముంజేతికి, మొన్న ఒంట్లోని ముప్ఫై రెండు ప్రాణాల్నీ పేరుపేరునా తిరిగి రమ్మని పిలిచి కట్టిన తెల్ల నూలుపోగులు వేలాడుతున్నాయి. కట్టినప్పుడు బిగుతుగానే కట్టారు.

బువాసాయ్ దాచుకోలేదు. దాచుకునే మనిషి కాదు. మంచం పక్కన చతికిలబడి అంతా చెప్పింది.

దుప్పటి కింద సెంగ్లా పొట్ట కదిలింది. నవ్వుతోంది.

"నన్ను కూడా ఐసులో పెట్టావా అమ్మా? కిలో ఎంత చెప్పావు?"

"నోర్ముయ్యవే!"

"బేరమాడితే తగ్గించావా?"

"సెంగ్లా, నీ కాళ్లు పట్టుకుంటా."

"ఆయన అంకె వచ్చిందా?"

"వచ్చింది."

"పోనీలే. ఇద్దరిలో ఒకరిదన్నా వచ్చింది," అంది సెంగ్లా, కళ్లు మూసుకుని. బువాసాయ్‌కి ఆ మాటకి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చచ్చేదాన్ని తిట్టకూడదని పళ్లు కొరుక్కుని ఊరుకుంది.

బువాసాయ్ కబురు పెడితే తెల్లారుతుండగానే ఫికున్ వచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది గానీ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బువాసాయ్‌కి ఎక్కువ బాధ. తిడితే తిరిగి తిట్టేది కదా. మోచేతి దగ్గర రబ్బరు కట్టి ఫికున్ నరం వెతికింది. విరోచనాలకి ఒళ్లంతా ఎండిపోయింది. నిన్న కనిపించిన నరం ఇవ్వాళ లేదు. సూది గుచ్చింది, లేదు. అటు చెయ్యి, లేదు. మణికట్టు దగ్గర గుచ్చాలంటే నూలుపోగులు అడ్డం వచ్చాయి.

"ఇవి తీసెయ్యనా పెద్దమ్మా?"

"పైకి జరుపు. తియ్యకు."

జరిపి గుచ్చింది. నాలుగు చుక్కలు వచ్చాయి. నల్లగా, చిక్కగా వచ్చి సూదిలోనే గడ్డకట్టాయి. గడ్డకట్టిన నెత్తురు లెక్కకి పనికిరాదని ఫికున్ చెప్పింది. పాదం మీద చూసింది. సెంగ్లా చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినపడేలా ఏడ్చేది. ఇప్పుడు ఏడవడానికి కూడా తడి లేదు. నోరు తెరిచి, గొంతులోంచి పిల్లికూన కూతలాంటిది ఒకటి చేసింది.

"ఇంకొక్కసారి," అంది బువాసాయ్. "మెడ దగ్గరుంటుందన్నారు కదా నరం. ఒక్కసారి. ఎండెక్కక ముందే బయల్దేరాలి. గాలి లేస్తే పడవ సాగదు."

ఫికున్ సూది మార్చుకుంది. సెంగ్లా ఆ సూది వంక చూసింది. తర్వాత తల్లి వంక చూసింది. వద్దని అనలేదు. అంటే బువాసాయ్ బలవంతం చేసేదేమో. అనకుండా మెడ పక్కకి తిప్పి, గుచ్చడానికి వీలుగా పెట్టింది. గొర్రె కూడా అలా పెట్టదు.

"చాలు," అంది బువాసాయ్. "వదిలెయ్యి."

"పెద్దమ్మా, ప్రయత్నిస్తా..."

"వదిలెయ్యమన్నానా!"

ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాతో తాగిస్తూ పోతే, మధ్యాహ్నం దాటాక నరం తేలింది. అప్పుడు తీసినా ఏ పడవా అందదు. అవతలి ఒడ్డున డాక్టర్లు కూర్చుని లేచిపోయారు. పడమటి ఒడ్డు చోటు తావోన్‌కి వెళ్లింది. మళ్లీ చోట్లు పంచేది ఫంసా అయ్యాకేనని, అంటే వానలకి బౌద్ధ భిక్షువులు విహారం దాటకుండా ఉండే ఆ నెలలన్నీ గడిచాకేనని కబురొచ్చింది.

అక్కడితో అయిందా అంటే కాలేదు. వారం తిరక్కుండా ఫికున్ మళ్లీ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. లోపలికి రావడానికి ముఖం చెల్లనట్టు.

"మందు వచ్చింది పెద్దమ్మా. కానీ ఒక చిక్కుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తప్పకుండా మింగాలి. మింగుతుంటే ఇంటివాళ్లు ఒకరు ఎదురుగా ఉండి చూడాలి. చూసేవాళ్లు లేనివాళ్లకి మందివ్వరు. ఆ చోటు ఇంకో ఒడ్డుకి పోతుంది."

"పోనీ."

"పెద్దమ్మా..."

"పోతే పోనీ అన్నాను. వాడికి ఎవరూ లేరని నువ్వే కదా చెప్పావు. అబద్ధమా?"

లోపల్నుంచి సెంగ్లా గొంతు వినబడింది. "అమ్మా. ఇట్రా."

తల్లీ కూతుళ్లు లోపల ఏం మాట్లాడుకున్నారో ఫికున్ వినలేదు. మాట్లాడింది కూడా పెద్దగా ఏమీ లేదు. బువాసాయ్ బయటికొచ్చి నిలబడి చెయ్యి చాపింది. "ఇయ్యి. ఎట్లా మింగించాలో చెప్పు. ఈసారి అక్షరం పొల్లుపోకుండా చెప్పు, అర్థమైందా? నాకు తెలుసని ఊరుకోకు."

ఫికున్ చెప్పింది. ఒక్క పూట తప్పినా జబ్బు మందుకి అలవాటు పడిపోతుంది, ఇక ఆ మందు పనిచెయ్యదు. ఒకరి మందు ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ పనిచెయ్యదు. ఈ రెండో మాట చెప్పేటప్పుడు ఫికున్ నేల వంక చూస్తూ చెప్పింది. బువాసాయ్ రెండుసార్లు చెప్పించుకుంది.

పాకలో చీకటిగా, పాత వలల వాసన వేస్తూ ఉంది. తావోన్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు మాత్రమే పెద్దవిగా కనిపిస్తున్నాయి. అత్తని చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు.

బువాసాయ్ ముద్దన్నం పొట్లం, పచ్చిమిరపకాయల నూరుడు ముందు పెట్టింది. తిన్నాక మాత్ర, చెంబు నీళ్లు చేతికిచ్చింది. వాడు నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. "నోరు తెరువు," అంది. తెరిచాడు. అయింది. ఇద్దరి మధ్యా మొదటి పూట ఆ రెండు మాటలే.

అలా పొద్దునా సాయంత్రం సాగింది. వాన పడుతుంటే అరిటాకు నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఊళ్లో ఆడవాళ్లు నీళ్లరేవులో గుసగుసలాడారు. "కూతుర్ని తిన్నవాడికి అన్నం తినిపిస్తోంది" అని ఒకామె వినపడేలా అంది. బువాసాయ్ ఆగి, "నీ ఇంట్లో వండింది వాడు తింటున్నాడటే? అయితే పాపం, వాడికి విరోచనాలెందుకు తగ్గట్లేదో ఇప్పుడు తెలిసింది," అని తన దారిన పోయింది. గొంతు పూర్తిగా పోలేదన్నమాట.

కొన్ని వారాలకి తావోన్ లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకుని వాకిట్లోకొచ్చి కూర్చోసాగాడు. అదే రోజుల్లో ఇంటి దగ్గర సెంగ్లాకి పక్క మీద తిప్పి పడుకోబెట్టే మనిషి కావలసి వచ్చింది.

ఒక సాయంత్రం మాత్ర మింగించి, నోరు తెరవమని చూసి, బువాసాయ్ చెంబు తీసుకుని లేచింది. వెనక నుంచి, "అత్తా," అన్నాడు. వాకిట్లో చాప పారేసిన రోజు నుంచీ వాడు ఆ పిలుపు పిలవలేదు.

తిరిగి చూసింది. వాడు నోట్లో వేలు పెట్టి, చెంప లోపల ఎక్కడో నొక్కిపెట్టిన మాత్రని తీసి అరచేతిలో పెట్టుకుని చాపాడు. తడిసి, అంచు కాస్త కరిగి ఉంది.

"దానికియ్యి."

ఆమె చూపు మాత్ర మీద ఆగింది.

"రోజూ సాయంత్రంది దానికియ్యి. పొద్దునది నేను మింగుతా. ఎవరికీ తెలీదు. నువ్వే కదా చూసేది."

పాక చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. బువాసాయ్ ఆ మాత్రని తీసుకుంది. ఎంత చిన్నది! ఇంతోటి దాని కోసం సరస్సు దాటింది, పరాయి పిల్ల కాళ్లావేళ్లా పడింది. గుప్పిట్లో మూసుకుంటే లేనే లేనట్టుంది. ఇంటికి వెళ్లేది నాలుగడుగుల దూరం. సెంగ్లా నోరు తెరిచి పెదాల మీద పెడితే చాలు. ఒక్క పూటన్నా కూతురికి మందు వేశానన్న తృప్తి ఉంటుంది. ఆ తృప్తి కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది.

ఫికున్ చెప్పినది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. గుర్తుండటమే వచ్చిన చిక్కు.

"నోరు తెరువు," అంది.

"అత్తా, నీకు దణ్ణం పెడతా."

"తెరువు."

"నువ్వు తల్లివేనా?" అన్నాడు తావోన్. అరవలేదు. నిజంగానే అడిగాడు.

బువాసాయ్ వంగి వాడి దవడ పట్టుకుంది. చేప మొప్పలు విప్పి చూసే చెయ్యి అది, పట్టు గట్టిది. మాత్ర నాలుక మీద పెట్టి, చెంబు ఎత్తి నీళ్లు పోసింది. వాడు మింగాడు. వేలు పెట్టి ఈ చెంపా ఆ చెంపా, నాలుక కిందా అంతా వెతికి చూసింది. వాడు వెక్కుతున్నాడు, ఆ వెక్కుళ్లు ఆమె వేళ్లకి తగులుతున్నాయి. ఏమీ లేదని రూఢి చేసుకుని చెయ్యి తన గళ్ల లుంగీకి తుడుచుకుంది.

"మళ్లీ ఇలా చేశావంటే తంతాను," అని చెంబు అందుకుంది. "పొద్దున్నే వస్తా."

ఇంట్లో సెంగ్లా మేలుకునే ఉంది. కళ్లు మాత్రం లోపలికి పోయి, దీపం వెలుగులో రెండు మెరుపులు.

"మింగాడా?"

"మింగాడు."

"నిజంగా?"

"నోట్లో వేలు పెట్టి చూశాను."

సెంగ్లా కాసేపు ఊపిరి కూడదీసుకుంది. ఆయన ఏం చేస్తాడో ఆమెకి తెలుసేమో. మొగుడి బుద్ధి పెళ్లానికి తెలియకుండా ఎక్కడికి పోతుంది? ఏమీ అడగలేదు. "ఉత్త అన్నంతో వేస్తే కడుపులో మండుద్దంట అమ్మా," అంది. "రేపు కాస్త చేప కాల్చి పట్టుకెళ్లు."

"ఊఁ."

"చిన్నది కాదు. బాగుండేది."

"సరేలేవే, పడుకో."

బువాసాయ్ ఆమెని అటు పక్కకి తిప్పి, వీపు కింద గుడ్డ సర్ది, వెళ్లి రేపటికి పొయ్యిలో కట్టెలు పేర్చింది. బయట వాన తగ్గలేదు. ఫంసా వెళ్లి చోట్లు మళ్లీ పంచడానికి ఇంకా చాలా రోజులుంది.